బదులు పలికిన ఆదివారం

ఈ విషయంలో నా తెలివితక్కువతనాన్ని ముందే ఒప్పేసుకుంటే, మిగతాది చెప్పడం నాకూ వినడం మీకూ తేలిక. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక గాజుల దుకాణం పై అంతస్తులో, స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను. నోరు విప్పడానికి భయపడేవాళ్ళ చేత నోరు విప్పించడం నా బతుకుతెరువు. అలాంటి నేను, నా కన్నకూతురు నోరు తెరిచినప్పుడల్లా అడ్డుపడి, ఆమె చెప్పాల్సిన మాట నేనే చెప్పేసేవాణ్ణి. ఏళ్ళ తరబడి అలా చెప్పి, దానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నాను. మంచి పేరే. చేసే పనికి నప్పలేదంతే.

మా అమ్మాయికి నత్తి. చిన్నప్పటి నుంచీ ఉంది. అన్ని అక్షరాల మీదా కాదు. 'మ', 'న', 'స' ఆమెకు చుట్టాలు, పిలవగానే వస్తాయి. 'ప', 'క' ఇరుగుపొరుగు, కాస్త బతిమాలాలి. 'బ' మాత్రం పాత పగవాడు. మేమేమో బడంగ్‌పేట్‌లో ఇల్లు కొనుక్కున్నాం. కొనేముందు నీళ్ళు చూశాను, రోడ్డు చూశాను, కాగితాలు వకీలుకు చూపించాను. ఊరి పేరులో మొదటి అక్షరం చూసుకోవాలని ఏ తండ్రికి తోస్తుంది?

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కుతుంటే డ్రైవర్ అడుగుతాడు, "ఏడికి పోవాలె పాపా?" అని. నేను పక్కనుంటే ఆమె పెదవులు కదలకముందే "బడంగ్‌పేట్!" అని అరిచేవాణ్ణి. నేను లేనప్పుడు ఏం చేసేదో చాలాకాలం నాకు తెలియదు. ఒక సాయంత్రం బండి మీద ఇంటికి వస్తుంటే, మీర్‌పేట్ దాటాక, కాలేజీ బ్యాగు వేసుకుని ఎండలో నడుస్తున్న అమ్మాయి కనిపించింది. మా అమ్మాయే.

"ఆటో మన ఇంటిదాకా వస్తుంది కదా, ఎందుకు నడుస్తున్నావు?"

"వాకింగ్ మంచిది డాడీ," అంది.

ఇంటికొచ్చాక అసలు సంగతి మా అమ్మ చెప్పింది. డ్రైవర్ అడిగితే 'మీర్‌పేట్' అని చెప్పి, అక్కడే దిగి, మిగతా దూరం నడిచి వస్తుందట. రోజూనట.

"ఇన్నాళ్ళూ నీకు తెలీదురా?" అని మా అమ్మ ఆశ్చర్యపోయింది.

నాకు తెలిసింది ఒకటే. ఆ పిల్ల చెప్పులు తొందరగా అరిగిపోతున్నాయి. నాసిరకం అంటగట్టావని ఆ చెప్పుల షాపతనితో నేను దెబ్బలాడి వచ్చాను కూడా.

నా జబ్బుకు మూలం నా క్లాసులోనే ఉంది. అక్కడ నాకు ఎక్కువ ఇష్టమైన పాఠం 'ఖాళీలను పూరింపుము'. బోర్డు మీద ఒక గీత గీసి వదిలేస్తే చాలు, పిల్లలు పోటీలు పడి నింపేస్తారు. ఆ అలవాటు నాతోపాటు ఇంటికి వచ్చేసింది. ఎదుటి మనిషి మాట మధ్యలో ఊపిరి తీసుకున్నా నాకక్కడ గీత కనిపిస్తుంది. నింపేదాకా ప్రాణం ఆగదు. పాలతను "రేపు నేను..." అని దగ్గితే "రావు, అంతే కదా" అనేవాణ్ణి. "రేపు నేను పెరుగు కూడా తెస్త సార్," అనేవాడు పాపం దగ్గు ఆగాక. జవాబులు చాలావరకు తప్పే. దిద్దేవాణ్ణి కూడా నేనే కాబట్టి మార్కులకు లోటు లేదు.

మేం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా ఆవిడ ప్రభుత్వ దవాఖానాలో నర్సు. ఆమె షిఫ్టులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో ఆమెకే సరిగ్గా తెలియదు. కాబట్టి మా అమ్మాయిని పెంచింది మా అమ్మే. ఆ పెంపకంలో తప్పనిసరి భాగం పొద్దుటి కీర్తన. కుక్కర్ కూత వేసేలోపు బైబిల్లోంచి ఒక కీర్తన పైకి చదవాలి. నానమ్మ ఒక వచనం, మనవరాలు ఒక వచనం. మొదట్లో మనవరాలి వంతు వచ్చేసరికి కుక్కర్ కూతలన్నీ అయిపోయి, అన్నం మెత్తబడి, నేను టిఫిన్ లేకుండా బండి ఎక్కేవాణ్ణి.

అప్పుడు మా అమ్మ పద్ధతి మార్చింది. మనవరాలి వచనం కూడా తానూ కలిసి చదవడం మొదలుపెట్టింది. ఇద్దరి గొంతులూ కలిసినప్పుడు పిల్ల ఎక్కడా తడబడలేదు. 'బ' కూడా తలొంచుకుని తన వరుసలో తాను నడిచి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు మా అమ్మ ఆ కలిపి చదివే గొంతును తగ్గిస్తూ వచ్చింది. ఇంకొన్నాళ్ళకు ఉత్త పెదవులు మాత్రమే కదిలించేది. పిల్ల తన వచనాన్ని తానే చదువుతోందని నేను గమనించేసరికి ఆ సంగతి మా ఇంట్లో పాతబడిపోయింది. ఆ కీర్తనల దగ్గర తప్ప ఇంకెక్కడా ఆ ధారాళం రాలేదు. కాలేజీలో, కిరాణా కొట్లో, ఫోన్‌లో నత్తి నత్తిలాగే ఉంది.

నేను చదువుకున్నవాణ్ణి కదా, ఊరుకుంటానా? మలక్‌పేట్‌లో మాటల చికిత్స చేసే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. నత్తి ఉన్నవాళ్ళు మరొకరితో కలిసి చదివినప్పుడు తడబడకపోవడం ఆ విద్యలో అందరికీ తెలిసిన విషయమేనని ఆయన చెప్పారు. మహా ఉత్సాహంగా ఇంటికొచ్చి మా అమ్మకు వినిపించాను.

"అమ్మా, ఇందులో దేవుడి పనేం లేదు. ఇది సైన్సు."

"అలాగా. ఎందుకలా జరుగుద్దో చెప్పాడా ఆయన?"

"పూర్తిగా ఇంకా తెలియదన్నారు."

"తెలిశాక చెప్పు నాయనా. అందాకా నేనిలాగే చదివిస్తా," అని కళ్ళజోడు సవరించుకుని మర్నాటి కీర్తనకు పేజీ గుర్తు పెట్టుకుంది. మూఢంగా అన్న మాట కాదది. ఆ డాక్టరుగారిచ్చిన ఊపిరి అభ్యాసాలు కూడా పిల్ల చేత తప్పకుండా చేయించింది ఆమే. నేనైతే ఆ కాగితం ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

మా చర్చి ఎల్‌బీ నగర్‌లో, హైవేకి ఆనుకుని ఉంటుంది. ఏటా ఒక ఆదివారం ఆరాధన మొత్తం యవ్వనస్తులు నడిపిస్తారు. పాటలు వాళ్ళవే, ప్రార్థనలు వాళ్ళవే, ప్రత్యుత్తర పఠనం కూడా వాళ్ళదే. అంటే ముందు నిలబడ్డవారు మైకులో ఒక వచనం చదువుతారు, సంఘమంతా లేచి నిలబడి దానికి బదులు పలుకుతుంది. ఆ ఏడు ఆ పఠనం ఎవరు చేస్తారని పాస్టరుగారు అడిగితే చెయ్యెత్తిన పిల్ల మా పిల్ల. ఏ కీర్తన చదువుతావంటే, ప్రతి వచనానికీ దేవుడి కృప ఎన్నటికీ ఉంటుందని సంఘం ఒకే బదులు చెప్పే కీర్తనను ఎంచుకుంది. మా ఇంట్లో కుక్కర్‌కు కూడా కంఠతా వచ్చిన కీర్తన అది.

మామూలు ఆదివారాల్లో ఆ పఠనం చేసేది మా సంఘ పెద్ద. హయత్‌నగర్ బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. మైకు ఎందుకు వాడతారో తెలియనంత గొంతు ఆయనది. ఆ రోజు ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచారు.

"సార్, జర ఇటు రాండ్రి. పాప చెయ్యెత్తింది, మంచిదే. గని మైకు ముంగట ఆగిపోతే ఎట్ల? అందరి ముంగట పోరి పరేషాన్ అయితది. గా రోజు కొవ్వొత్తులు ముట్టిచ్చే పని ఇద్దాం. మీ గొంతు మంచిగుంటది, ఆమె బదులు మీరు చదువుండ్రి."

ఆయన మనసులో చెడు లేదు. నా మనసులోనూ లేదు, కానీ 'మీ గొంతు మంచిగుంటది' అన్న మాట లోపల బాగా దిగింది. "సరే అన్నా, అలాగే చేద్దాం," అన్నాను. కూతుర్ని ఒక పెద్ద అవమానం నుంచి కాపాడానని, తండ్రినంటే నేనేనని, ఇంటిదాకా బండి మీద నన్ను నేను మెచ్చుకుంటూ వెళ్ళాను.

అన్నాల దగ్గర ఈ వార్త చెప్పాను. మా అమ్మాయి కంచంలో చెయ్యి ఆపేసింది.

"నా... నా బ... బ..."

"బదులు," అన్నాను నేను.

అలవాటు. నోట్లోంచి వచ్చేశాక కానీ నాకు తెలియలేదు. మా అమ్మ మజ్జిగ గిన్నె కింద పెట్టి నా వైపు చూసింది.

"అయిందా? ఇంకేమన్నా మిగిలిందా నువ్వు నింపడానికి?"

మా అమ్మాయి ఏడవలేదు. కోపం వస్తే ఆమె మాట ఇంకా నెమ్మదిస్తుంది. ఒక్కో మాటనూ తడిమి పట్టుకుని, ఆగి, మళ్ళీ పట్టుకుని చెప్పింది. ఆ రోజు మొదటిసారి చివరిదాకా విన్నాను కాబట్టి నాకు బాగా గుర్తుంది.

"డాడీ, బైబిల్లో నోరు తిరగని ఆ గొర్రెల కాపరిని దేవుడు రాజు దగ్గరికి వెళ్ళమన్నాడు గుర్తుందా? నాకు మాట రాదు అన్నప్పుడు దేవుడికి కోపం రాలేదు. ఆ నోరు చేసింది ఎవరని అడిగాడు, అంతే. నా బదులు ఇంకెవర్నైనా పంపు అన్నప్పుడు వచ్చింది కోపం. నేను పంపమని అడగను కూడా లేదు. నువ్వే బయల్దేరావు."

నేను స్పోకెన్ ఇంగ్లిష్ మాస్టర్ని. ఆ పూట లేచి కంచాలు కడిగాను.

తర్వాతి బుధవారం ప్రార్థన కూడికలో, ఆమెను వెంటబెట్టుకుని పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. "అన్నా, కీర్తన అమ్మాయే చదువుతుంది," అన్నాను.

"నడుమల ఆగితే?"

నోటిదాకా వచ్చిన జవాబును మింగి, "ఆమెనే అడగండి," అన్నాను. మింగడానికి గట్టి పదార్థమే అది.

"ఏం బిడ్డా, ఆగితే ఏం జేస్తవ్?"

"ఆ... ఆగుతా అంకుల్. మళ్ళీ చదువుతా."

ఆయన గడ్డం గోక్కున్నారు. "గట్లనే కానియ్. గని నేను మైకు కాడ్నే నిలబడ్త. ఏమన్న అయితే అందుకుంట."

ఇక మిగిలింది 'బ'. ఆ కీర్తన చివరి భాగంలో దేవుడు ఓడించిన పాత రాజుల ప్రస్తావన వస్తుంది. అందులో ఒక రాజు ఏలిన దేశం పేరు సరిగ్గా 'బ'తో మొదలవుతుంది. ఇన్ని వేల ఏళ్ళ కింద పోయిన రాజు మా అమ్మాయికి అడ్డు నిలబడటం నాకు అన్యాయం అనిపించింది. ఇంట్లో నానమ్మ పెదవుల తోడు లేకుండా చదివితే ఒకరోజు వచ్చేది, ఒకరోజు మొరాయించేది. నాకొక ఉపాయం తట్టింది.

"ఆ ఒక్క వచనం వదిలేయమ్మా. ఎవరు గమనిస్తారు? సంఘం చెప్పే బదులు ఎలాగూ ఒకటేగా."

మా అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె ఏదో అనబోయేలోపు మనవరాలే నవ్వేసింది.

"ఇక్కడ మీర్‌పేట్‌లో దిగిపోవడం కుదరదు డాడీ. వాక్యం ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా వెళ్ళాలి."

ఆ మాట మీద నేను ఇప్పటికీ ఆలోచిస్తూంటాను. నా క్లాసులో పలకడానికి కష్టమైన మాటకు తేలికైన మాట వెతికి ఇస్తాను. అది నా నైపుణ్యం, నా బోర్డు మీద రాసుకున్న గొప్ప. దైవవాక్యానికి ఆ సదుపాయం లేదు. ఉన్న మాటనే పలకాలి. తప్పించుకునే దారి లేని చోట మా అమ్మాయి ధైర్యం తెచ్చుకుంది. తప్పించుకునే దారులు చూపించినన్నాళ్ళూ నేను ఆమెను నడిపించి, చెప్పులు అరగదీశాను.

ఆదివారం వచ్చింది. యవ్వనస్తులు పాడారు, కొవ్వొత్తులు ఎవరో వెలిగించారు. మా అమ్మాయి గంధం రంగు చుడీదార్‌లో మైకు ముందుకు వచ్చింది. పెద్దాయన మాట తప్పలేదు, పక్కనే తెరిచిన బైబిలుతో నిలబడ్డారు. మూడో వరుసలో మా అమ్మ, పక్కన నేను, ఇటువైపు డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన మా ఆవిడ. సంఘమంతా లేచింది.

ఆమె మొదటి వచనం చదివింది. సంఘం బదులు పలికింది. ఆకాశం గురించి చదివింది, నీళ్ళ మీద పరిచిన నేల గురించి చదివింది, పగటిని ఏలే వెలుగు గురించీ రాత్రిని ఏలే వెలుగుల గురించీ చదివింది. ప్రతిదానికీ అదే బదులు, అదే కృప. ఆమె ఒక అడుగు, సంఘం ఒక అడుగు. కుక్కర్ పక్కన పుట్టిన గొంతు హాలంతా నిండింది. కీర్తనలో సముద్రం చీలింది, జనం దాటారు. రాజులు వస్తున్నారు.

వచ్చారు. ఆమె ఆగింది.

'బ' దగ్గర పెదవులు కలుసుకుని విడిపోలేదు. ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. హైవే మీద లారీ హారన్ వినిపించింది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. నాకు గాలిలో గీత కనిపించింది, నింపమని పిలుస్తున్న పొడుగాటి గీత. నోరు తెరిచి, ఒక అడుగు పక్కకు వేశాను కూడా. మా అమ్మ నా చొక్కా అంచు పట్టుకుని వెనక్కి లాగింది. ఆ పట్టులో గుంటూరు మిర్చి తోటల బలం ఉంది. ఆమె వైపు చూశాను. ఇంట్లో ఎప్పుడూ కదిలే పెదవులు ఇప్పుడు కదలడం లేదు. గట్టిగా మూసుకుని మనవరాలిని చూస్తోంది, అంతే.

అవతల పెద్దాయన మైకు వైపు వంగారు. మా అమ్మాయి బైబిలు మీంచి ఒక చెయ్యి తీసి, అరచెయ్యి ఆయన వైపు చూపించింది. ఆగండి అని. కోపంగా కాదు, రోడ్డు దాటేటప్పుడు పిల్లలు బండ్లకు చూపిస్తారే, అలా. ఆయన ఆగారు.

మాట వచ్చింది. నెమ్మదిగా, నిండుగా, ఏ అక్షరమూ తప్పిపోకుండా వచ్చింది.

సంఘం బదులు చెప్పింది. అప్పటిదాకా చెప్పిన అదే బదులు. పుస్తకంలో అక్షరం మారలేదు. కానీ ఆ వచనానికి మాత్రం జనం చదవలేదు, పలికారు. ఆ కృప ఎన్నటికీ ఉంటుందని నేను చిన్నప్పటి నుంచీ లెక్కలేనన్నిసార్లు నోటితో అన్నాను. అది నిజమని నాకు అప్పుడు తెలిసింది. మా అమ్మాయి మిగతా వచనాలు పూర్తిచేసి, బైబిలు మూసి, తన చోటికి వెళ్ళి కూర్చుంది. నా గర్వం గురించి ఎక్కువ రాయను. బయటికి వచ్చాక ఎవరో "ఆ పాప మీ అమ్మాయా?" అని అడిగితే "అవును" అని ఒక్కటే మాట అన్నాను. అంత చిన్న వాక్యం నేను జీవితంలో ఇంకెప్పుడూ మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం నేనూ ఆమె ఆటోలో ఇంటికి బయల్దేరాం. మా అమ్మా, మా ఆవిడా నా బండి తీసుకుని ముందే వెళ్ళిపోయారు.

"ఏడికి పాపా?" అన్నాడు డ్రైవర్.

"బ... బ..."

"బాలాపూరా బిడ్డా?" అంది ఎదురుగా కూర్చున్న ముసలమ్మ. ఆమె ముఖంలో సహాయం చేశానన్న ఆ వెలుగు చూడగానే నన్ను నేను అద్దంలో చూసుకున్నట్టయింది.

మా అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "బడంగ్‌పేట్."

డ్రైవర్ బండి కదిలించాడు. అంతే, ఇంకేమీ జరగలేదు. మీర్‌పేట్ వచ్చింది, వెళ్ళిపోయింది.

"అక్కడ ఆగినప్పుడు భయం వేయలేదా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. నేను ఆగాను.

"మామూలుగా మాట్లాడేటప్పుడు, ఆగితే మాట పోతుందేమో, అవతలివాళ్ళు పోతారేమో అని భయం డాడీ. వాక్యం అలా కాదు. నేను పుట్టకముందే ఉంది. నేను ఆగినా అది అక్కడే ఉంటుంది. నేను వెళ్ళి కలుసుకుంటే చాలు."

నత్తి పోలేదు. ఇప్పటికీ ఉంది. కానీ మా అమ్మాయి చెప్పులు మాత్రం ఇప్పుడు ఎక్కువకాలం వస్తున్నాయి.

ఇక, మా అమ్మాయికి కొవ్వొత్తుల పని ఇవ్వబోయిన పెద్దాయన మీద నాకు మిగిలిన చిన్న పగ సంగతి. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు విడిచిన చోట పెద్దాయన నా కోసం ఎదురు చూస్తున్నారు. "వందనాలు సార్," అన్నారు. నేనూ వందనాలు చెప్పాను. మా అమ్మాయి నా పక్కనే ఉంది.

"సార్, మొన్న పాప సంగతిల... నేను అట్ల అనుడు... నాది..." ఆగారు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "నాది... ఏమంటరు దాన్ని..."

ఏమంటారో నాకు తెలుసు. పొరపాటు అంటారు. తొందరపాటు అంటారు. తక్కువ అంచనా అంటారు. ఇంగ్లిష్‌లో కావాలంటే ఇంకా చాలా ఉన్నాయి, వాటిని అమ్ముకునే కదా నేను బతికేది. అన్నీ నాలుక చివర వరుసకట్టి నిలబడ్డాయి. మా అమ్మాయి నా ముఖంలోకి చూసింది, ఇప్పుడు నింపేస్తానని.

నేను చేతులు కట్టుకున్నాను. ఒక విశ్వాసికి ఉండాల్సిన శాంతమంతా ముఖం మీదికి తెచ్చుకుని, ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. డిపో అంతటికీ వినిపించే ఆ గొంతు మాట కోసం వెతుక్కుంటోంది. చౌరస్తాలో బడంగ్‌పేట్ ఆటో నిండుతోంది, డ్రైవర్ మమ్మల్ని కేక వేస్తున్నాడు.

పోనీ, అనుకున్నాను. ఇంకో ఆటో వస్తుంది.